గోదావరీతీర శిలాజములు, గులకరాళ్లు: సేకరణము, సానపట్టు విధానము

ప్రాణుల అవశేషములు కాలక్రమమున రాతిగా మారగా, ఆ రాళ్లను జలతీరములందు ఏరి తెచ్చి, అరగదీసి, మెరుగుపెట్టి, లోపలి రూపమును కంటికి కనబడునట్లు చేయుట పెక్కు దేశములందు వ్యాసంగముగా వ్యాపించియున్నది. ఉత్తర అమెరికాలోని మిషిగన్ సరస్సు ఒడ్డున దొరకు ప్రవాళశిలలు ఇందులకు ప్రసిద్ధమైన ఉదాహరణము. ఆంధ్రదేశమున ఈ వ్యాసంగమునకు తగిన క్షేత్రము సరస్సుల ఒడ్డున లేదు. గోదావరి పాపికొండల నడుమనుండి వెలువడి మైదానమున అడుగిడు పోలవరము మొదలు రాజమహేంద్రవరము వరకు గల ఉభయతీరములును, ఆ తీరములకు చేరువనున్న రాతిగనులును ఆ క్షేత్రము. ఇచ్చట రెండు తెగల రాళ్లు లభించును. మొదటి తెగవి నది ఎగువదేశములనుండి దొర్లించుకొని వచ్చిన గట్టి గులకరాళ్లు. రెండవ తెగవి పుట్టినచోటనే పొరలలో పదిలముగా ఉన్న, గుల్లలతో నిండిన సున్నపురాళ్లు. ఈ రెంటిని ఏరు పద్ధతియు, మెరుగుపెట్టు పద్ధతియు ఒకటి కావు. ఆ భేదము నెరుగక రెంటిని ఒకే తీరున సానకెక్కించినచో, శాస్త్రమునకు సాక్ష్యము కావలసిన శిలాజము బల్లమీది అలంకారమై మిగులును.

ప్రవాళశిలలు

ప్రవాళము, అనగా పగడపు జీవి, సముద్రజలమునుండి సున్నమును గ్రహించి తన దేహమునకు ఆధారముగా గూడు కట్టుకొను అల్పప్రాణి. తరములకొలది ప్రాణులు ఒకదాని గూటిపై నొకటి గూడు కట్టుకొనుచు పోగా దిబ్బలేర్పడును. మిషిగన్ రాష్ట్రమున పెటోస్కీ పట్టణప్రాంతమున దొరకు రాయి హెక్సగొనేరియా అను ప్రవాళజాతికి చెందినది. డెవోనియన్ యుగమున, అనగా 35 కోట్ల సంవత్సరములకు పైగా పూర్వము, ఆ ప్రదేశమును కప్పియున్న వెచ్చని లోతులేని సముద్రమున పెరిగిన ఆ దిబ్బలను మిక్కిలి ఇటీవలి కాలపు హిమానీనదములు పెకలించి, ముక్కలు చేసి, తీరములపై వెదజల్లినవి. ఎండియున్నంతసేపు అది బూడిదవన్నె గల సామాన్యపు సున్నపురాయి. నీటిలో ముంచినంతనే ఆరు మూలల గూళ్లును, ప్రతి గూటి నడుమ నల్లని చుక్కయు, ఆ చుక్కనుండి అంచులవరకు వ్యాపించిన సన్నని తెరలును స్పష్టమగును. 1965లో ఆ రాష్ట్రము దానిని తన రాష్ట్రశిలగా ప్రకటించినది. ప్రభుత్వభూములనుండి ఒక్కరు ఏడాదికి 25 పౌనులకు, అనగా సుమారు 11 కిలోలకు, మించి రాళ్లను కొనిపోరాదని నియమమును ఏర్పరచినది. ఫ్లారిడా రాష్ట్రమున దొరకు ప్రవాళశిల వేరొక స్వభావము గలది. దానియందు సున్నము కరగిపోయి, ఆ స్థానమున సిలికా చేరి గట్టిపడినది. 1979లో అది ఆ రాష్ట్రమునకు రాష్ట్రశిల అయినది. ఒకటి కత్తిమొనకు గీతపడును, రెండవది కత్తిని లెక్కచేయదు. ప్రాణి పగడమే అయినను, రాయిగా మారిన తీరునుబట్టి సానపట్టు విధానము మారునని ఈ రెండు ఉదాహరణములవలన గ్రహింపవలెను.

గోదావరీమండలమున ప్రవాళశిలలకై వెదకుట ఎందులకు నిష్ప్రయోజనమో తెలియవలెనన్నచో ప్రవాళము జీవించు పరిస్థితులను చూడవలెను. దిబ్బలు కట్టు ప్రవాళములకు వెచ్చని, తేటయైన, ఉప్పని నీరు కావలెను. బురదనీటిని, మంచినీటిని అవి ఓర్వలేవు. పెద్దనది ఒకటి వండలిని తెచ్చి సముద్రమున కలిపెడి తావున ప్రవాళము నిలువదు. ఆ స్థలమున ఆల్చిప్పలు, నత్తలు వర్ధిల్లును. కావుననే ఈ ప్రాంతపు పొరలలో గుల్లలకు ప్రాధాన్యము కలిగినది. ఇక కొల్లేటి సరస్సు ఒడ్డు గోదావరీకృష్ణల వండలితో ఏర్పడిన పల్లము. అచ్చట రాళ్లు వెదకుట వ్యర్థము. దక్షిణమున తిరుచిరాపల్లి ప్రాంతమునందలి కల్లక్కుడి సున్నపురాతిగనులలో మాత్రము క్రెటేషియస్ యుగపు ప్రవాళశిలలు నిజముగా కలవు. ఆ మండలపు ప్రవాళములను ఫెర్డినాండ్ స్టోలిచ్కా అను పండితుడు 1873లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ గ్రంథమాలయందు వర్ణించెను.

తెలంగాణమునందలి పాకాల చెరువు పేరిట ప్రసిద్ధమైన పాకాల శిలాశ్రేణిలోని సున్నపురాళ్లలో ఒక వింత కలదు. కోసి మెరుగుపెట్టినచో పొరమీద పొరగా గుమ్మటములవలె పైకుబికిన రేఖలు కనబడును. ఇవి ప్రవాళములు కావు. స్ట్రోమటోలైట్లు అని పేరుగల ఈ రూపములు, నాచువంటి అతిసూక్ష్మజీవుల పరపులపై మట్టియు సున్నమును పేరుకొనగా ఏర్పడినవి. నూరుకోట్ల సంవత్సరములకు పైబడిన ఆ కాలమున ప్రవాళములు ఇంకను పుట్టియుండలేదు. కొత్తగా రాళ్లు సేకరించువారు వీనిని పగడపురాళ్లని పొరబడుట కద్దు. నడుమ చుక్కయు తెరలును లేకపోవుటయే ఆనవాలు.

పోలవరము గులకరాళ్లు

పూర్వము పశ్చిమగోదావరి జిల్లాకు చెంది, 2022 నుండి ఏలూరు జిల్లాలో చేరిన పోలవరము, గోదావరి కొండలను విడిచి విశాలమగు తావున కుడిగట్టున నెలకొన్న గ్రామము. నాసికాప్రాంతమునందలి త్ర్యంబకేశ్వరమున జన్మించి 1,465 కిలోమీటర్ల దూరము ప్రవహించు ఈ నది పరీవాహక ప్రదేశము మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు మించినది. అందలి పశ్చిమభాగమంతయు దక్కను లావారాతి పరపు. పోలవరమునకు వచ్చునప్పటికి మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మున్నగు ఉపనదులు తెచ్చిన రాతి సంపద అంతయు ఈ ఒక్క ప్రవాహమున కలిసియుండును. పాపికొండల ఇరుకున ఉరవడితో వచ్చు నీరు, పోలవరము దాటినంతనే వెడల్పు దొరకి వేగము తగ్గుటచేత, తాను మోసికొని వచ్చిన బరువును ఇసుకతిన్నెలుగను, గులకరాళ్ల మెట్టలుగను దింపుకొనును. మహాశివరాత్రికి పట్టిసీమ వీరభద్రస్వామి దర్శనమునకై ఇసుకలో నడచిపోవు యాత్రికుల కాళ్లక్రింద ఉన్నది ఈ సంపదయే.

ఒక దోసెడు గులకరాళ్లను తీసి నీటిలో కడిగి పరచి చూచినచో నది నడచివచ్చిన దేశము తెలియును. ఎఱ్ఱని, గోధుమవన్నెల ఇసుకరాళ్లు గోండ్వానా అను ప్రాచీన శిలాశ్రేణులవి. తెల్లగను బూడిదవన్నెగను ఉండి రవ్వలు కనబడని గట్టి క్వార్ట్‌జైటు రాళ్లు పాకాల శ్రేణుల తావులనుండి వచ్చినవి. ఎఱ్ఱని గార్నెట్టు నలుసులతో నిండిన ఖోండలైటు రాయి దగ్గరనున్న పాపికొండలదే; ఈ రాయి త్వరగా శిథిలమగునుగనుక గులకగా నిలువక, తన గార్నెట్టును ఇసుకకు ఇచ్చును. వీనియన్నిటి నడుమ అగేటు, కాల్సిడొనీ, జాస్పరు అను మూడు విధముల సిలికారాళ్లుండును. సేకరించువారు ముఖ్యముగా కోరునవి ఇవియే.

అగేటు పుట్టుక ఇట్టిది. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరములకు పూర్వము దక్కనులో లావా పొరలుపొరలుగా పారి చల్లారునపుడు, దానిలో చిక్కిన వాయువుల బుడగలు ఖాళీ గదులుగా మిగిలినవి. సిలికా కరగియున్న నీరు ఆ గదులలో ఊరి, గోడలవెంట పొరపొరగా సిలికాను పేర్చినది. ఇనుము కలిసిన పొర ఎఱుపు, పసుపు వన్నెలను పొందినది; కలియనిది తెల్లగనో బూడిదగనో నిలిచినది. తరువాత లావారాయి శిథిలమై నల్లరేగడిగా మారినపుడు, దానికంటె మిక్కిలి గట్టియైన అగేటు కాయలు చెక్కుచెదరక బయటపడి వాగులలో చేరినవి. పోలవరము ఎగువన ఉండుటచేత, దిగువన రాజమహేంద్రవరమువద్ద పరచుకొనియున్న లావాతో ఇచ్చటి అగేటుకు సంబంధము లేదు. అది మహారాష్ట్రమునుండియు, ఆదిలాబాదు మండలమునుండియు దొర్లివచ్చినది.

ఏటి ఒడ్డున పడియున్న అగేటును గుర్తించుటకు కొంత కంటి అలవాటు కావలెను. దాని పైచర్మము మసకబారిన మైనపు వన్నెతో ఉండి, వరదలో రాతికి రాయి తగిలినపుడు పడిన గోటినొక్కుల వంటి చిన్న చిన్న నెలవంక గాట్లతో నిండియుండును. ఎండలో చూచినచో ప్రక్కనున్న ఇసుకరాతికంటె అందము తక్కువ. తడిపి సూర్యునికి అడ్డముగా పట్టినపుడు అంచులవద్ద వెలుగు చొచ్చి, లోపలి చారలు ఒకదానివెంట నొకటి తేలును. పగిలిన అంచు పెళుసుగా, గుల్లవాటముగా వంపు తిరిగియుండును. కత్తి గీచినచో రాతిమీద ఇనుపజాడ మిగులునుగాని గీత పడదు.

ఈ రాళ్లను మనుష్యుడు గుర్తించుట నేటిది కాదు. పైఠనునకు చేరువనున్న ముంగి వద్ద గోదావరి ఒడ్డు కంకరపొరలో, లుప్తమైన మృగముల యెముకలున్న చోట, మనుష్యుడు కొట్టి తీసిన అగేటు పెచ్చునొకదానిని వైన్ అను భూవిజ్ఞానవేత్త 1865లో కనుగొనెను. శాతవాహనులనాడు పైఠను ప్రాంతమునుండి ఓనిక్సు రాళ్లు బండ్లమీద భరుకచ్ఛపు రేవునకు పోవుచుండెనని ఎరిత్రియను సముద్రపు పెరిప్లసు అను గ్రీకు గ్రంథము చెప్పుచున్నది. మెదకు ప్రాంతపు కొండాపురమున ఆనాటి పూసలు విస్తారముగా దొరకినవి. కొత్తగూడెము సమీపమున గరీబుపేట గుట్టనుండి తీసిన గార్నెట్టు రత్నములు ప్రాచీనకాలమున దూరదేశములవరకు ఎగుమతియైనట్లు ఇటీవలి రసాయనపరీక్షలు తేల్చినవి. కావున గోదావరి పరీవాహకదేశము రత్నశిల్పమునకు రెండువేల యేండ్లుగా ముడిసరకునిచ్చుచుండినది.

పోలవరమునకు ఎగువన రామయ్యపేట యొద్ద నిర్మాణములో ఉన్న జలాశయము పూర్తియైన తరువాత, ముతకరాళ్లలో అధికభాగము ఎగువనే నిలిచిపోవును; దిగువ మెట్టలకు కొత్త రాళ్లు చేరుట తగ్గును. 1847 మొదలు 1852 వరకు ఆర్థరు కాటను కట్టించిన ధవళేశ్వరపు ఆనకట్టకు దిగువన నేడు ఇసుకయు వండలియే ముఖ్యముగా కనబడును. కావున ఇప్పుడున్న గులకల మెట్టలు తరుగునేగాని పెరుగునవి కావు.

పంగిడి, కాతేరు శిలాజములు

గులకరాళ్లు ఎచ్చటివో ఊహించి చెప్పవలసినవి. గోదావరీతీరములకు చేరువనున్న పంగిడి, గౌరీపట్నము, దుద్దుకూరు, కాతేరు గ్రామములయందలి శిలాజములు పుట్టినచోటనే ఉన్నవి. గోదావరికి పశ్చిమమున గోండ్వానా పొరలు సముద్రమువైపు స్వల్పముగా వాలియుండుటచేత, ఉత్తరమునుండి దక్షిణమునకు నడచువారు పాతకాలమునుండి కొత్తకాలమునకు నడచినవారగుదురు. గొల్లపల్లి ఇసుకరాయి, దానిపై రాఘవాపురపు పలకమట్టిరాయి, ఆపై చిన్న తిరుపతి పేరు వహించిన ఇసుకరాయి వరుసగా కనబడును. రాఘవాపురపు రాతిలో సముద్రజీవియైన అమ్మొనైటు ముద్రలును, నేలపై పెరిగిన టిలోఫిల్లము ఆకుల ముద్రలును ఒకేచోట దొరకుట ఆనాడు సముద్రతీరము అచ్చటనే ఉండెననుటకు తార్కాణము. ద్వారకా తిరుమల ప్రాంతపు ఇసుకరాతిలో ట్రిగోనియా అను రెండుచిప్పల గుల్లలు కలవు.

వీనికి దక్షిణముగా లావా వచ్చును. దక్కనునుండి వేయి కిలోమీటర్లకు పైగా పారి ఇచ్చటికి చేరిన ఈ లావా, భూగోళముపై గుర్తింపబడిన లావా ప్రవాహములలో అత్యంత దీర్ఘమైనదని పండితుల అభిప్రాయము. గౌరీపట్నము నల్లరాతి క్వారీ గోడ ఎదుట నిలిచి చూచినచో ఈ చరిత్ర అంతయు ఒక్క దృష్టిలో కనబడును. అడుగున నల్లని లావా. దానిపై తెలుపు, లేతపచ్చ వన్నెల సున్నపురాతి పట్టీ. దానిపై మరల నల్లని లావా. శిఖరమున ఎఱ్ఱని రాజమహేంద్రవరపు ఇసుకరాయి. రెండు లావాల నడుమ సున్నపురాయి యుండుట, మొదటి ప్రవాహము చల్లారిన తరువాత సముద్రమో, నదీముఖమో ఆ నేలను కప్పి, ప్రాణులు పుట్టి పెరిగి నశించుటకు తగినంత కాలము గడచినదని చెప్పుచున్నది. కంకరకై నల్లరాతిని పేల్చు కూలీలకు ఈ తెల్లరాయి అడ్డు. గుట్టగా ప్రక్కకు తోసివేయుదురు. భూవిజ్ఞాన విద్యార్థికి మాత్రము ఆ గుట్టయే నిధి.

మొదటి లావాకు అడుగునగల సున్నపురాతియందు టరిటెల్లా అను నత్త గుల్లలు మెండు. మరమేకువలె మెలితిరిగి సన్ననగు ఈ గుల్ల, రాతిని నిలువున కోసినచో అరలు అరలుగా, ప్రతి అరలోను తెల్లని కాల్సైటు స్ఫటికములు నిండి కనబడును. అడ్డముగా కోసినచో గుండ్రని వలయము మాత్రమే అగుపడును. ఒకే పలకలో నిలువుకోతలు, అడ్డుకోతలు, ఏటవాలు కోతలు కలగలిసియుండుటచేత, కొత్తవారికి పలు జాతులున్నట్లు భ్రమ కలుగును. లావాల నడిమి పట్టీలో ఆల్చిప్పలు, ఉప్పుటేటి నత్తలు, కొన్నిచోట్ల ఫైజా అను మంచినీటి నత్తలు, కారా అను నీటిమొక్క కాయలు లభించును. కంటికి ఆనని ఫొరామినిఫెరా అను సూక్ష్మజీవుల గుల్లలకును ఈ పట్టీ ఆటపట్టు.

ఈ గ్రామముల పేర్లు ప్రపంచ భూవిజ్ఞానమున నిలిచియుండుటకు కారణమైన పరిశోధన దాదాపు రెండు శతాబ్దముల నాటిది. 1835లో ఉత్తర సర్కారులలో సంచరించిన బెంజా అను వైద్యుడు పంగిడి గుల్లలను గూర్చి మద్రాసు పత్రికలో వ్రాసెను. నాగపురమున మతబోధకుడుగా ఉన్న స్టీఫెన్ హిస్లాప్ 1860లో వీనిని వర్ణించెను. విలియం కింగ్ 1880లో గోదావరి మండలపు శిలాశ్రేణులను గూర్చి ప్రామాణిక గ్రంథమును వెలువరించెను. దక్కను లావా క్రెటేషియస్ కాలమునదా, తరువాతి టెర్షియరీ కాలమునదా అను ప్రశ్నను 1934లో బీర్బల్ సాహ్ని లేవనెత్తినపుడు, రాజమహేంద్రవరపు నడిమి పట్టీ సాక్ష్యమునకు మిక్కిలి ప్రాముఖ్యము కలిగినది. ఎస్. ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు అను భారతీయ పండితులు వియన్నా నగరపు యూలియస్ పియాతో కలిసి ఈ పట్టీలోని సున్నపు నాచుల శిలాజములను 1937లో ప్రకటించిరి. 2008లో గెర్టా కెల్లర్ మున్నగువారు ఇచ్చటి క్వారీలలోని సూక్ష్మజీవులను పరీక్షించి, ముఖ్యమైన లావా విస్ఫోటము రాక్షసబల్లులు నశించిన కాలసంధికి అతిసమీపమున ముగిసినదని నిర్ణయించిరి. దేశదేశముల పండితులను ఆకర్షించిన ఈ పొరలు మన కొవ్వూరు, దేవరపల్లి ప్రాంతములందే ఉన్నవి కనుక, ఆ ఊళ్ల పాఠశాలలలో చదువు బాలురకు వానినిగూర్చి చెప్పు పాఠమొకటి ఉండవలెనని నా దృఢాభిప్రాయము.

లావాపై గల రాజమహేంద్రవరపు ఇసుకరాతిలో సిలికాగా మారిన మ్రానుముక్కలు దొరకును. గట్టిదనమున ఇవి అగేటుతో సమానము. నారపోగులు, కొన్నింటియందు నీటిని కొనిపోవు నాళముల రంధ్రములు కూడ భూతద్దమునకు చక్కగా కనబడును.

సేకరించు విధము

వరదలు తీసి, తిన్నెలు బయటపడు కార్తీకమాసము మొదలు వేసవి చివరివరకు గులకరాళ్లు ఏరుటకు అనువైన కాలము. సూర్యుడు వాలియున్న ఉదయసాయంసమయములలో వెలుగునకు ఎదురుగా నడచినచో, వెలుగు చొచ్చు రాళ్లు దూరమునుండియే తెలియును. కావలసిన సామగ్రి స్వల్పము: ఒక గోనెసంచి, నీళ్ల సీసా, చాకు, భూతద్దము, ఒక చిన్న సీసాలో నిమ్మరసము లేక వినిగరు, కాగితము, పెన్సిలు. రాతిని తడిపి చూడవలెను. చాకుతో గీచి చూడవలెను. గీతపడినచో ఆ గీతపొడిమీద పులుసుచుక్క వేసి పొంగునేమో గమనింపవలెను. పొంగినది సున్నపురాయి, గీతపడనిది సిలికా జాతి. ఈ రెండు పరీక్షలతోనే సానపట్టుటకు వలసిన విభజన జరిగిపోవును. ఎగువన ఆనకట్టలనుండి నీరు విడుచు దినములలో నది నడుమ మెట్టలపైకి పోరాదు.

రాతిగనుల విషయము వేరు. యజమాని అనుమతి లేక, పేలుడు వేళలు తెలియక క్వారీలో అడుగిడరాదు. నిలువుగోడల అడుగున నిలువరాదు. గోడలోని పట్టీని సుత్తితో పగులగొట్టుటకంటె, కూలీలు తోసివేసిన గుట్టలో వెదకుట మేలు. అచ్చట దొరకునది ఎట్లును క్రషరునకు పోవలసినదే. దొరకిన వెంటనే, ఇంటికి చేరకమునుపే, ఏ గ్రామము, ఏ క్వారీ, లావాకు అడుగుపట్టీయా నడిమిపట్టీయా, ఏ తేది అను వివరములు వ్రాసిన చీటిని రాతితోపాటు పొట్లము కట్టవలెను. చీటి లేని టరిటెల్లా పలకకు అంగడిలో వెలయుండవచ్చును. శాస్త్రజ్ఞునికి దానివలన కలుగు ప్రయోజనము మిక్కిలి స్వల్పము. లావాకు అడుగునది ఒక కాలము, నడిమిది వేరొక కాలము. పొర యేదో తెలియని గుల్ల ఈ రెండింటిలో దేనికిని సాక్ష్యమీయజాలదు.

సముద్రతీరమున దొరకు నేటి ప్రవాళములు ఈ వ్యాసంగమున చేరవు. దిబ్బలు కట్టు ప్రవాళములన్నియు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి అనుబంధమున చేరినవి. వానిని తీయుట, అమ్ముట, కొనుట నేరము.

సున్నపురాతికి మెరుగు

సున్నపురాయి మెత్తనిది, గట్టిదనమును తెలుపు మోసు కొలతలో 3వ శ్రేణిది. దీనిని యంత్రమున దొర్లించినచో గుల్లల అంచులు అరిగి రూపము చెడును. చేతితో అరగదీయుటయే ఉత్తమము. మట్టమైన గాజుపలకపై నీటికి ఓర్చు ఉప్పుకాగితమును పరచి, నీరు చల్లుచు, రాతిని వలయాకారముగా త్రిప్పవలెను. మొదట 220వ నెంబరు కాగితము, రంపపు గీతలు పూర్తిగా పోయిన తరువాత 400, పిదప 600. ప్రతి మార్పునకు ముందు రాతిని, గాజును, చేతులను శుభ్రముగా కడుగవలెను; ముతకకాగితపు నలుసు ఒక్కటి మిగిలినను తుదిమెరుగులో గీతగా తేలును. 600వ నెంబరు పూర్తియైనపుడు ఆరిన రాయి సిల్కుబట్టవంటి మందమైన నిగ్గుతో ఉండవలెను. అటుపిమ్మట తడిపిన తోలుముక్కపై గాని, మఖమలుగుడ్డపై గాని అల్యూమినా పొడిని కాని తగరపు భస్మమును కాని పూసి, ఒత్తి రుద్దినచో అద్దపు మెరుగు వచ్చును. తొందరపడి మధ్యలో ఒక కాగితమును దాటవేసినవారు మెరుగుపొడితో ఎంతసేపు రుద్దినను ఫలము దక్కదు. మెరుగెక్కిన సున్నపురాతిని నిమ్మ, చింతపండు, వినిగరు, స్నానపుగది కడుగు ద్రావకములు తాకరాదు. తాకిన చోట నిగ్గు చచ్చి తెల్లని మచ్చ మిగులును.

అన్ని సున్నపురాళ్లకు ఈ సంస్కారము తగదు. గుల్ల పూర్ణముగా రాతినుండి వెలికివచ్చి, పైచెక్కడములు, నోటి అంచు చెడక ఉన్నచో దానిని అరగదీయుట అపచారము. జాతిని గుర్తించుటకు పైచెక్కడమే ఆధారము. పగిలిన పలకలు, గుల్లలు కిక్కిరిసిన ముద్దలు, నీటివాగులో అరిగిన తునకలు మెరుగుపెట్టుటకు యోగ్యములు. ఒకే ముద్దను రెండుగా కోసి, ఒక సగమును యథాతథముగా చీటితో భద్రపరచి, రెండవ సగమునకు మెరుగుపెట్టుట అన్నిటికంటె మేలైన పద్ధతి.

అగేటుకు మెరుగు

అగేటు మోసు కొలతలో 7వ శ్రేణిది. చేతితో అరగదీయుట దాదాపు అసాధ్యము. గుజరాతునందలి ఖంభాతు ఈ శిల్పమునకు భారతదేశమున పురాతనమైన కేంద్రము. రతన్‌పురము గనులనుండి వచ్చిన రాళ్లను ఎండబెట్టి, పిడకల నిప్పులో కాల్చి, ఇనుము కలిసిన పసుపురాతిని ఎఱ్ఱని కార్నీలియనుగా మార్చుదురు. నేలలో పాతిన ఇనుపమేకు మొనపై రాతినుంచి, ఎనుముకొమ్ముతో చేసిన సుత్తితో తట్టి పెచ్చులు తీసి రూపము కల్పింతురు. పూర్వము పూసలను కురుందపు పొడితోను నీటితోను తోలుసంచిలో నింపి, ఇద్దరు మనుష్యులు చెరియొక ప్రక్క కూర్చుండి దినములకొలది అటునిటు దొర్లించుచు మెరుగుపెట్టెడివారు. నేటి విద్యుత్ పీపా ఆ తోలుసంచికి వారసురాలు. నది వేలయేండ్లలో చేయు పనిని అది వారములలో చేయును.

పీపాలో మూడింట రెండువంతులకు కొంచెము పైగా రాళ్లు నింపి, పైరాళ్ల అంచువరకు నీరు పోసి, సిలికాన్ కార్బైడు పొడిని వేయవలెను. పెద్దవి, చిన్నవి కలిసియుండుట మంచిది. గట్టివి, మెత్తనివి కలియుట చెడ్డది. అగేటుతో సున్నపురాయి కలిసినచో మెత్తనిది పిండియై మిగిలినదానిని కూడ పాడుచేయును. ముతకపొడితో సుమారు ఒక వారము, కొందఱు రెండు వారములు త్రిప్పిన తరువాత నెలవంక గాట్లు పోయినవో లేదో చూచి, పోనివానిని తిరిగి ముతకలోనే వేయవలెను. తరువాత నడితరపు పొడి, సన్నపొడి, చివర సీరియము భస్మము వరుసగా ఒక్కొక్క వారము. మొత్తము సుమారు నెల గాని, అంతకు మించి గాని పట్టును. దశకు దశకు నడుమ పీపాను, మూతను, ప్రతి రాతి పగులును కడుగవలెను. ఆ కడుగునీటిని మురుగుకాలువలో పోయరాదు. అడుగున దిగిన బురద రాతివలె గట్టిపడి గొట్టములను మూయును. అగేటు చారలు కనబడవలెనన్నచో, పీపాకంటె ముందుగా వజ్రపు రంపముతో రాతిని చారలకు అడ్డముగా కోయించుట యుక్తము. మ్రానురాయికి కూడ ఇదియే పద్ధతి. నారకు అడ్డముగా కోసినచో నాళములును, నిలువున కోసినచో పోగులును కనబడును.

ఈ శిల్పమున అలక్ష్యము చేయరాని ఆపద ఒకటి కలదు. సిలికారాతి పొడిధూళి ఊపిరితిత్తులలో చేరినచో సిలికోసిసు అను వ్యాధి కలుగును. అది నయమగునది కాదు. ఖంభాతు అగేటు కూలీలు, వారి ఇండ్లలోనే సానపట్టుట జరుగుటచేత ధూళి పీల్చిన కుటుంబీకులును ఈ వ్యాధివలన పొందిన దుర్గతిని వైద్యపరిశోధకులు గ్రంథస్థము చేసియున్నారు. అందమైన పూసలదండ వెనుక ఇట్టి దుఃఖముండుట సహింపరానిది. కోయునపుడును, అరగదీయునపుడును రాయి ఎల్లప్పుడు తడిసియుండవలెను. పొడిగా సానపట్టుట ఏ కారణముచేతను తగదు. ఎండిన బురదను చీపురుతో ఊడ్వక, తడిగుడ్డతో తుడువవలెను. పిల్లలకు సున్నపురాతిని చేతితో తడిగా రుద్దుట నేర్పవచ్చును. అగేటు రంపమును వారికి దూరముగా ఉంచవలెను.

గులకరాళ్లను మితముగా ఏరి మెరుగుపెట్టుకొనువారిని ఆక్షేపింపవలసిన పనిలేదు. ఏటిలో దొర్లిన రాయి తన జన్మస్థానమును ఎప్పుడో విడిచినది. పొరలోని శిలాజము సంగతి అట్టిది కాదు. భారతదేశమున శిలాజములకు ప్రత్యేకమైన రక్షణచట్టమునకై 2022లో ముసాయిదా ఒకటి ప్రకటింపబడినను, నేటికి సేకరించువాని వివేకమే ముఖ్యమైన రక్షణ. కావున పంగిడి, కాతేరు, రాఘవాపురము పరిసరములందు పూర్ణమైన గుల్లయో, అమ్మొనైటు ముద్రయో, ఎముకవంటి రాయియో, ఆకు అచ్చో దొరకినవారు దానిని సానకెక్కింపక, ఛాయాచిత్రము తీసి, చీటి వ్రాసి, విశాఖపట్టణమునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భూవిజ్ఞానశాఖకు గాని, హైదరాబాదు బండ్లగూడలోని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ కార్యాలయమునకు గాని చూపి, వారి అభిప్రాయము తెలిసికొనిన పిమ్మటనే ఉప్పుకాగితమును చేతపట్టవలెనని పాఠకులకు విజ్ఞప్తి.